చెక్క బల్లల కచేరీ

1991 ఏప్రిల్ ఆఖరు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరం. ఊరి నడిబొడ్డున ఓ పాత ఇటుకల హాల్లో కచేరీ జరుగుతోంది. పాడుతున్నది ఎమ్మీలూ హారిస్. అప్పటికే దేశమంతా పేరున్న గాయని. హాలు చూస్తే రెండువేల మందికి పైగా పట్టేది. లోపలికి వదిలింది మాత్రం సుమారు రెండొందల మందిని!

జనం రాక కాదు. రానివ్వక. బాల్కనీ మీద ఎవరూ కూర్చోకూడదు. బాల్కనీ కింద కూడా ఎవరూ కూర్చోకూడదు. ఎప్పుడు కూలి నెత్తిన పడుతుందో తెలియదు మరి. అందుకని హాలు మధ్యలో, వేదికకు దగ్గరగా ఉన్న బల్లల మీద మాత్రమే జనాన్ని కూర్చోబెట్టారు. మిగతా బల్లలన్నీ ఖాళీ. మూడు రాత్రులు అలాగే పాడిందామె. ఆ పాటలు రికార్డు చేసి, మరుసటి ఏడాది ఆల్బమ్‌గా విడుదల చేశారు. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. అంతకంటే పెద్ద పని ఇంకోటి చేసిందా ఆల్బమ్. 'అరె, ఈ హాల్లో పాట ఇలా వినిపిస్తుందా!' అని ఊరికి మళ్లీ గుర్తుచేసింది.

ఆ హాలు పేరు రైమన్ ఆడిటోరియం. అప్పటికి పదిహేడేళ్లుగా దాదాపు మూతబడి ఉంది. ఒక దశలో కూల్చేద్దామనీ అనుకున్నారు. కూల్చమన్నవాళ్లలో ఆ వేదిక మీద పాడి పెద్దవాళ్లయిన కళాకారులూ ఉన్నారు. ఈ కథలో అసలు చిక్కుముడి అదే.

గొడవకెళ్లి భక్తుడై...

నిజానికి ఈ హాలు పాటల కోసం కట్టింది కాదు. ప్రసంగాల కోసం కట్టింది. నాష్‌విల్ పక్కనే కంబర్లాండ్ నది పారుతుంది. 19వ శతాబ్దం చివర్లో ఆ నదిలో తిరిగే ఆవిరి పడవలు చాలావాటికి యజమాని టామ్ రైమన్. కెప్టెన్ రైమన్ అనేవారు. ఆయన పడవల్లో సరుకులూ వెళ్లేవి, జనమూ వెళ్లేవారు, మందూ పేకాటా సాగేవి. 1885లో శామ్ జోన్స్ అనే మత ప్రబోధకుడు ఊళ్లో పెద్ద గుడారం వేసి ప్రసంగాలు మొదలుపెట్టాడు. తాగుడు మీదా జూదం మీదా నిప్పులు చెరిగేవాడాయన. వ్యాపారం దెబ్బతింటుందన్న కోపంతో రైమన్ గొడవ చేద్దామని వెళ్లాడట. వెళ్లినవాడు కూర్చుని విన్నాడు. విని మారిపోయాడు.

ఆ తర్వాత తన పడవల్లోని సారాయి మొత్తం నదిలో పారబోయించాడని కూడా ఓ కథ ఉంది. చరిత్రకారులు దీన్ని అంతగా నమ్మరు. అయినా ఇలాంటి కథలు చరిత్రకారుల మాట వింటాయా? ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటారు.

నమ్మక తప్పని విషయం ఒకటుంది. 'ఇంత గొప్పగా మాట్లాడే మనిషి గుడారంలో నిలబడి మాట్లాడ్డమేంటి?' అనుకున్న రైమన్ అన్ని శాఖల క్రైస్తవులకూ పనికొచ్చేలా పెద్ద ప్రార్థన మందిరం తలపెట్టాడు. ఏడేళ్లు పట్టింది. లక్ష డాలర్ల దాకా అయింది. 1892లో పూర్తయిన ఆ మందిరానికి యూనియన్ గాస్పెల్ టాబర్నకల్ అని పేరు పెట్టారు. తన పేరు పెడతామంటే రైమన్ ఒప్పుకోలేదు.

ఒక్క విషయం గమనించాలి. అప్పటికి మైకులు లేవు. ప్రబోధకుడు వేదిక దగ్గర నిలబడి మాట్లాడితే, ఆఖరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడాలి. లేకపోతే అంత డబ్బు పోసి కట్టీ దండగే. అందుకే కుర్చీల్లేవు, వంపు తిరిగిన పొడవాటి చెక్క బల్లలు వేశారు. చుట్టూ ఇటుక గోడలు, కింద చెక్క, పైన చెక్క. మనిషి గొంతు ఎటూ పోకుండా హాల్లోనే తిరిగి చెవికి చేరుతుంది. తర్వాత ఈ హాలుకి వచ్చిన పేరంతా, కలిగిన కష్టాలన్నీ ఆ ఒక్క అవసరం నుంచి పుట్టుకొచ్చినవే.

1897లో బాల్కనీ వచ్చింది. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కొనసాగించాలని పోరాడిన దక్షిణాది సైన్యం ఉంది కదా, ఆ మాజీ సైనికుల సమావేశం కోసం కట్టిందది. వాళ్ల పేరే దానికి పెట్టారు. నల్లవాళ్లకు వేరే సీట్లు, వేరే తలుపులు ఉన్న రోజులవి. ఆ చరిత్ర అంటకుండా తప్పించుకున్న భవనమేమీ కాదిది. అదే నాష్‌విల్‌లో ఫిస్క్ విశ్వవిద్యాలయం ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లలు 1871లో అక్కడ ఓ గాన బృందంగా ఏర్పడి, తమ భక్తి గీతాలను దేశదేశాలకు తీసుకెళ్లారు. ఆ బృందం నూటయాభై ఏళ్ల పండగకు తెచ్చిన ఆల్బమ్‌ను ఈ హాల్లోనే రికార్డు చేశారు. దానికి 2021లో గ్రామీ వచ్చింది. ఆ బాల్కనీ కట్టినవాళ్లు ఊహించి ఉండరు.

1904 డిసెంబరులో రైమన్ చనిపోయాడు. అంత్యక్రియల ప్రార్థనలు ఆ మందిరంలోనే జరిగాయి. శామ్ జోన్సే వచ్చి మాట్లాడాడు. ఇకనైనా దీనికి కెప్టెన్ పేరు పెడదామా అని అడిగితే జనమంతా లేచి నిలబడ్డారు. బతికుండగా వద్దన్నవాడు ఇప్పుడు వద్దనలేడుగా!

ఎల్.సి.నాఫ్ ఎవరంటే...

మందిరానికి అప్పులున్నాయి. ప్రార్థనలతో అప్పులు తీరవు. అందుకని కచేరీలకూ ఉపన్యాసాలకూ అద్దెకివ్వడం మొదలుపెట్టారు. 1901లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా బృందం వచ్చినప్పుడు తొలిసారి సరైన వేదిక కట్టారు. రైమన్ కథలు చెప్పేవాళ్లు కెప్టెన్ దగ్గర ఆగినంతసేపు ఇక్కడ ఆగరు. ఆగాలి. ఎందుకంటే హాలుని కట్టింది రైమనే అయినా, దాన్ని కచేరీ హాలుగా నిలబెట్టింది వేరే మనిషి. ఆమె పేరు లూలా నాఫ్.

స్టెనోగ్రాఫరు. భర్త చనిపోయాడు. ఓ కూతురు. 1904 నుంచి ఖాళీ సమయంలో ఈ హాలుకి కార్యక్రమాలు మాట్లాడి పెట్టేది. అది కాస్తా అసలు పనైపోయింది. 1920లో పూర్తిస్థాయి మేనేజరైంది. ఉత్తరాల కింద 'ఎల్.సి.నాఫ్' అనే సంతకం చేసేది. ఆడమనిషి నడుపుతోందంటే బేరం కుదరదేమోనని! అవతల పెద్ద పెద్ద కళాకారుల మేనేజర్లు నాఫ్‌గారంటే ఎవరో పెద్దాయన అనుకునేవాళ్లు.

ఆవిడ హయాంలో ఎవరు రాలేదని! 1913లో హెలెన్ కెల్లర్, ఆమె గురువు యాన్ సలివన్ ఉపన్యాసానికి వచ్చారు. టిక్కెట్లన్నీ అమ్ముడుపోయిన తొలి కార్యక్రమం అదేనని చెబుతారు. కనలేని, వినలేని మనిషి మాట కోసం ఆ హాలు నిండిపోవడం... ఎంత బాగుందో చూడండి. 1919లో ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో వచ్చి పాడాడు. ఇంద్రజాలికుడు హుడినీ వచ్చాడు, చార్లీ చాప్లిన్ వచ్చాడు. 1939లో ఓ నాటకం అసభ్యంగా ఉందని, దాని ప్రధాన నటుణ్ని అరెస్టు చేస్తామని నగర సెన్సారు బోర్డు బెదిరించింది. ఇంకొకరైతే నాటకం రద్దు చేసుకుని ఊరుకునేవాళ్లు. నాఫ్ కోర్టుకెక్కింది. గెలిచింది. 1955లో రిటైరయ్యే నాటికి యాభై ఏళ్ల పాటు ఆ హాలు తాళాలు ఆమె చేతుల్లోనే ఉన్నట్టు లెక్క.

శనివారం రాత్రి

1943 జూన్‌లో ఆమె హాలుని ఓ రేడియో కార్యక్రమానికి అద్దెకిచ్చింది. ఆ కార్యక్రమం పేరు గ్రాండ్ ఓల్ ఆప్రీ. పట్నం వాళ్ల 'ఆపెరా'ను పల్లెటూరి యాసలో వెక్కిరిస్తూ పెట్టుకున్న పేరది. 1925లో డబ్ల్యూఎస్ఎం అనే రేడియో స్టేషన్ మొదలుపెట్టింది. ఆ స్టేషన్ ఓ బీమా కంపెనీది. కొండప్రాంతాల ఫిడేలు వాయిద్యగాళ్లు, గిటారు పాటగాళ్లు శనివారం రాత్రి పాడుతుంటే పల్లెల్లో కుటుంబాలు రేడియో చుట్టూ చేరేవి. సోమవారం నాడు బీమా ఏజెంటు తలుపు తడితే, 'ఓహో, ఆప్రీ వాళ్ల మనిషా, రండి రండి' అని కూర్చోబెట్టేవాళ్లు. పాట వెనక పాలసీ ఉందన్నమాట.

జనం ఎక్కువై అంతకుముందున్న హాళ్ల నుంచి పంపించేస్తే రైమన్‌కి చేరింది ఆప్రీ. ముప్ఫయ్యొక్క ఏళ్లుంది. ఆ ముప్ఫయ్యొక్క ఏళ్లలోనే కంట్రీ సంగీతమంటే ఏమిటో ఆ వేదిక మీద తేలింది. 1945 డిసెంబరులో బిల్ మన్రో బృందంలో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్లతో బాంజో వాయించాడు. అంత వేగంగా ఆ వాయిద్యం మోగడం అక్కడివాళ్లు ఎన్నడూ వినలేదు. 'బ్లూగ్రాస్' అనే సంగీతం ఆ వేదిక మీదే పుట్టిందంటారు.

1949 జూన్ 11న హ్యాంక్ విలియమ్స్ అనే పాతికేళ్ల సన్నటి కుర్రాడు తొలిసారి ఆప్రీలో పాడాడు. మన పద్య నాటకాల్లో వన్స్‌మోర్ అంటారే... అలా ఆరుసార్లు వెనక్కి పిలిచి పాడించుకున్నారట. మూడేళ్ల తర్వాత తాగుడు మానడం లేదని అదే ఆప్రీ అతన్ని పంపించేసింది. 1953 జనవరి 1న కచేరీకి వెళ్తూ కారు వెనక సీట్లో ప్రాణం వదిలాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. 1954 అక్టోబరులో ఎల్విస్ ప్రెస్లీ వచ్చాడు. ఆ హాలు అతనికి మర్యాదగా చప్పట్లు కొట్టి ఊరుకుంది. మళ్లీ ఆప్రీలో పాడలేదతను. ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ల చెవులు అన్నిసార్లూ కరెక్టేమీ కాదన్నమాట!

జానీ క్యాష్‌దయితే సినిమా కథే. కాబోయే భార్య జూన్ కార్టర్‌ను మొదట కలిసింది 1956లో ఆ వేదిక వెనకే. 1965లో మత్తులో మైకు స్టాండుతో వేదిక అంచున ఉన్న లైట్లన్నీ పగలగొట్టాడు. ఇక రావద్దన్నారు. నాలుగేళ్లకు తన సొంత టీవీ కార్యక్రమాన్ని అదే వేదిక మీద మొదలుపెట్టాడు. తొలి కార్యక్రమానికి బాబ్ డిలాన్ అతిథి. 1970లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి, క్యాష్ పక్కన నిలబడి ట్రంపెట్ వాయించాడు. బాల్కనీ అంచున పాత సైనికుల పేరు అప్పటికింకా అలాగే ఉండేది.

చెమట కూడా నిజమే

ఇంత వైభోగం ఉంటే ఎందుకు వదిలి వెళ్లినట్టు? ఇక్కడే కళాకారుల మాట కూడా వినాలి.

హాలుకి ఏసీ లేదు. వేసవిలో లోపల కొలిమి. జనం కాగితపు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చునేవాళ్లు. వేదిక మీద ఉన్నవాళ్లకు ఆ వీలు కూడా లేదు. పైగా మెరిసే బరువైన దుస్తులు, లైట్ల వేడి. ప్రార్థన మందిరం కదా, మేకప్ గదుల అవసరం ఎవరికి తోచింది? మగవాళ్లందరికీ కలిపి ఒకే గది. ఆడవాళ్లకు స్నానాల గదిలో అద్దం ముందు సర్దుకోవడమే. తమ వంతు వచ్చేలోపు కొందరు వెనక సందు దాటి ట్యూట్సీస్ అనే బార్లో కూర్చునేవాళ్లు. పాతబడిన చెక్క భవనం. నిప్పంటుకుంటే ఏమిటన్న భయం. చుట్టుపక్కల వీధులూ చెడిపోయాయి.

ఆప్రీలో అందరికంటే పెద్దదిక్కు రాయ్ అకఫ్. దశాబ్దాల పాటు ఆ వేదిక మీద పాడినవాడు. హాలు కూల్చేయండి అన్నవాళ్లలో ముందున్నది ఆయనే. ఏడాదికోసారి వచ్చి చూసి మురిసిపోయేవాళ్లకేం తెలుసు, ప్రతి శనివారం అందులో ఉడికిపోయేవాణ్ని నేను అన్నది ఆయన బాధ. తోసిపుచ్చాల్సిన మాట కాదది. పాత కట్టడాల మీద ప్రేమ ఎప్పుడూ ప్రేక్షకుడి సీట్లోంచే పుడుతుంది. బట్టలు మార్చుకోవడానికి చోటులేని గాయనికి అది పుట్టకపోతే తప్పు పట్టలేం.

1974 మార్చి 15న రైమన్‌లో ఆఖరి ఆప్రీ. హాస్యం చెప్పి అందర్నీ నవ్వించే మిన్నీ పెర్ల్ ఆ రాత్రి ఏడ్చేసింది. మర్నాడు ఊరి బయట కొత్త ఆప్రీ హౌస్ ప్రారంభం. అధ్యక్షుడు నిక్సన్ వచ్చి పియానో వాయించాడు. అకఫ్ ఆయనకు యోయో ఆడటం నేర్పించాడు. ఏసీ ఉంది, మెత్తటి సీట్లున్నాయి, మేకప్ గదులున్నాయి. ఇంకోటి కూడా ఉంది. రైమన్ వేదికలోంచి ఆరడుగుల వెడల్పున గుండ్రంగా చెక్క కోసి తెచ్చి, కొత్త వేదిక మధ్యలో సరిగ్గా గాయకుడు నిలబడేచోట అమర్చారు. పాత ఇల్లు వదిలి వెళ్తూ గుప్పెడు మట్టి కొంగున కట్టుకున్నట్టు. ఆ ఇల్లు అంత పనికిమాలినదైతే ఆ మట్టెందుకు? హాలు వద్దనుకున్నవాళ్లకే ఆ చెక్క లేకుండా పాడటానికి ధైర్యం చాలలేదు.

మిగిలిన హాలుని కూల్చి, ఆ ఇటుకలతో కొత్త ప్రాంగణంలో చిన్న చర్చి కట్టాలన్నది కంపెనీ ఆలోచన. పేరున్న రంగస్థల నిపుణుడు జో మీల్జినర్ కూడా ఇది బాగుచేయించడానికి పనికిరాదనే చెప్పాడు. ఆ సంగతి బయటపడగానే ఊళ్లో గొడవ మొదలైంది. న్యూయార్క్ టైమ్స్ భవన నిర్మాణ విమర్శకురాలు ఎడా లూయీస్ హక్స్‌టబుల్ ఘాటుగా రాసింది. 1971 నుంచే హాలు జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉండటం కూడా కలిసొచ్చింది. కంపెనీ వెనక్కి తగ్గింది. కూల్చలేదు. అలాగని బాగుచేయించనూ లేదు. డబ్బులిచ్చి లోపల చూసొచ్చే పర్యాటకులకూ, అప్పుడప్పుడూ సినిమా షూటింగులకూ తెరిచేవాళ్లు. గాయని లొరెటా లిన్ జీవితం మీద 1980లో వచ్చిన సినిమాలో కనిపించే ఆప్రీ ఈ హాలే. పాట మాత్రం లేదు.

అలా ఉండగా వచ్చింది ఎమ్మీలూ హారిస్, ఆ రెండొందల మందితో.

అప్పటికి హాలు గేలార్డ్ కంపెనీ చేతికి వచ్చింది. 1993లో మరమ్మతులు మొదలుపెట్టి 85 లక్షల డాలర్లు ఖర్చుచేశారు. బాల్కనీని గట్టిపరిచారు. వెనక మేకప్ గదులు కట్టారు. నూట రెండేళ్లకు ఏసీ వచ్చింది! 1994 జూన్ 4న తిరిగి తెరిచినప్పుడు జరిగింది గారిసన్ కీలర్ రేడియో కార్యక్రమం. ఈ కీలర్ ఎవరంటే... 1974లో ఆప్రీ రైమన్‌ను వదిలి వెళ్తున్నప్పుడు న్యూయార్కర్ పత్రికకు వ్యాసం రాయడానికి వచ్చిన కుర్ర రచయిత. ఇక్కడ చూసింది మనసులో పెట్టుకుని, కొన్ని నెలలకే తనూ ఓ శనివారం రేడియో కచేరీ మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని ఇక్కడికే తీసుకొచ్చాడు.

1999 నుంచి ఆప్రీ కూడా చలికాలంలో కొన్నాళ్లు పాతింటికి రావడం మొదలైంది. 2010 మేలో కంబర్లాండ్ నది పొంగి కొత్త ఆప్రీ హౌస్‌ను ముంచేసింది. వేదికతో పాటు ఆ గుండ్రటి చెక్కా నీళ్లలో ఉండిపోయింది. దాన్ని తీసి ఆరబెట్టి, బాగుచేసి మళ్లీ అమర్చేదాకా ఆప్రీకి చోటిచ్చిన హాళ్లలో రైమన్ ఒకటి. ఏసీ లేదని వదిలేసిన ఇల్లే వరదలో తల దాచింది. 2012లో గేలార్డ్ కంపెనీ తన పేరే మార్చుకుంది. కొత్త పేరు రైమన్ హాస్పిటాలిటీ. బీమా కంపెనీ వాళ్లు కూల్చేద్దామనుకున్న హాలు పేరు ఇప్పుడు కంపెనీకి ఇంటిపేరైంది.

ఇప్పుడు హాల్లో 2,362 సీట్లు. పగలు పర్యాటకులు, రాత్రి కచేరీలు. కంట్రీ ఒక్కటే కాదు, రాక్, జాజ్, సువార్త గీతాలు, హాస్య కార్యక్రమాలు అన్నీ జరుగుతాయి. కుర్చీలు మాత్రం ఇప్పటికీ లేవు. అవే చెక్క బల్లలు. వాటి మీదే నంబర్లు. పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. రెండో గంటకు నడుం పట్టేస్తుంది. మరమ్మతులప్పుడు బల్లలు తీసేసి మెత్తటి సీట్లు వేయడం పెద్ద పనేం కాదు. తీసేస్తే ఆ ధ్వని పోతుంది. అకఫ్ కష్టాలన్నీ తీర్చారు కానీ, ప్రేక్షకుడి నడుంనొప్పి జోలికి మాత్రం వెళ్లలేదు!

2012లో అరిగిపోయిన వేదికను మార్చి కొత్త చెక్క వేశారు. అంచున మాత్రం పద్దెనిమిది అంగుళాల మేర పాత చెక్కనే వదిలారు. కచేరీ ఆఖర్లో కొందరు గాయకులు మైకు పక్కనపెట్టి, గిటారు తీగ ఊడదీసి ఆ అంచు దాకా నడిచొస్తారు. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. దగ్గు కూడా వినిపించదు. అప్పుడు ఉత్త గొంతుతో ఒక్క పాట పాడతారు. బాల్కనీలో ఆఖరి బల్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడుతుంది.